ప్రమాద హెచ్చరిక వెనుక ఒక నావికుడు

సల్వా (కువైత్): అక్టోబరు, నవంబరు నెలలొస్తే ఇక్కడ మనవాళ్ల ఫోన్లకు తీరిక ఉండదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త కనబడగానే సల్వా విల్లాల్లో వంట చేసే అక్కల దగ్గర్నుంచి కార్లు నడిపే తమ్ముళ్ల దాకా అందరి చూపూ సెల్‌ఫోన్ మీదే. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది. బెంగంతా కోనసీమలోనో, బందరు దగ్గరో, శ్రీకాకుళం తీరంలోనో ఉన్న ఇంటి పైకప్పు గురించే. అల్పపీడనం వాయుగుండమైంది, వాయుగుండం తుపానైంది, కాకినాడ రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు అని వార్త వస్తుంది. ఇంటికి ఫోన్ చేసి అమ్మను తుపాను షెల్టరుకు వెళ్లమని బతిమాలితే, పోయినసారీ ఇలాగే చెప్పారు, ఏమీ రాలేదు కదా అని ఆమె కదలదు.

ఆ హెచ్చరికకూ, ఈ అపనమ్మకానికీ 160 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ రెండింటి మధ్య నలిగిపోయిన మనిషి పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. చార్లెస్ డార్విన్ ప్రపంచం చుట్టివచ్చిన బీగిల్ ఓడకు కెప్టెన్‌గానే చాలామందికి ఆయన తెలుసు. కానీ మన తీరప్రాంత ప్రజలకు ఆయన చేసిన మేలు ఓడ దిగిన తర్వాతది. రేపటి వాతావరణం ఎలా ఉండబోతోందో ప్రభుత్వం ముందుగా చెప్పాలని పట్టుబట్టి, చెప్పి చూపించిన నౌకాదళ అధికారి ఆయన.

పాదరసం నేర్పిన పాఠం

ఫిట్జ్‌రాయ్ 1805 జులై 5న ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో గొప్పింట పుట్టారు. తాత గ్రాఫ్టన్ డ్యూక్ బ్రిటన్‌కు ప్రధానమంత్రిగా పనిచేసినవారు. ఇంట్లో దేనికీ లోటు లేకపోయినా 12 ఏళ్లకే పోర్ట్‌స్మత్‌లోని నౌకాదళ కళాశాలలో చేరారు. మరుసటి ఏడాదే సముద్రం మీదికి వెళ్లారు. లెఫ్టినెంట్ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకుని పైఅధికారుల కళ్లలో పడ్డారు.

1828లో దక్షిణ అమెరికా కొసన తీరాన్ని సర్వే చేస్తున్న బీగిల్ ఓడ కెప్టెన్, ఒంటరితనాన్నీ ఆ చలినీ తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. దిక్కులేకుండా మిగిలిన ఆ ఓడ బాధ్యత 23 ఏళ్ల ఫిట్జ్‌రాయ్ చేతికి వచ్చింది. పగ్గాలు పట్టి నెల రోజులు గడిచాయో లేదో, 1829 జనవరి చివర్లో ప్లేట్ నదీముఖం దగ్గర పాంపెరో అనే ఈదురుగాలి ఓడ మీద విరుచుకుపడింది. తెరచాప స్తంభాల పైభాగాలు విరిగిపడ్డాయి. ఇద్దరు నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు.

గాలి రాకముందే ఓడలోని భారమితిలో పాదరసం పడిపోతూ వచ్చింది. గాలి ఒత్తిడి తగ్గుతోందని, అంటే పెనుగాలి దగ్గరపడుతోందని ఆ పరికరం చెబుతూనే ఉంది. కుర్ర కెప్టెన్ దాన్ని తగినంతగా పట్టించుకోలేదు. ఆ ఇద్దరి చావుకు తానే బాధ్యుణ్నని ఆయన జీవితాంతం అనుకున్నారు. తర్వాతి 36 ఏళ్లలో ఆయన చేసిన పని చాలావరకు ఆ రోజు నుంచి మొదలైందే.

బీగిల్ నుంచి న్యూజిలాండ్ దాకా

1831 డిసెంబరు 27న బీగిల్ రెండోసారి బయల్దేరింది. దారిలో మాట్లాడుకోవడానికి చదువుకున్న తోడు కావాలని ఫిట్జ్‌రాయ్ కోరుకున్నారు. అలా ఓడెక్కిన 22 ఏళ్ల యువకుడే డార్విన్. ఓడలో రేఖాంశాలు లెక్కకట్టడానికి 22 గడియారాలు ఉండేవి. గాలి వేగాన్ని అంకెల్లో రాసే బ్యూఫోర్ట్ పద్ధతిని ఆ ప్రయాణమంతా క్రమం తప్పకుండా పాటించారు. 1836 అక్టోబరులో తిరిగొచ్చేసరికి దక్షిణ అమెరికా తీరానికి ఎన్నో ఏళ్లు పనికొచ్చే పటాలు తయారయ్యాయి. ఆ కృషికి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది.

ఆయన జీవితంలో మచ్చలూ ఉన్నాయి. మొదటి ప్రయాణంలో పడవ దొంగతనం జరిగిందన్న కోపంతో టియెర్రా డెల్ ఫ్యూగో స్థానికులను పట్టుకుని, చివరికి నలుగురిని ఇంగ్లండ్ తీసుకెళ్లారు. వారిలో ఒకరు మశూచితో చనిపోయారు. మిగిలిన ముగ్గురిని రెండో ప్రయాణంలో తిరిగి వాళ్ల నేల మీద దించారు. ముక్కోపి అని పేరు. చేతిలో డబ్బు నిలిచేది కాదు. సర్వే త్వరగా ముగియాలని సొంత డబ్బుతో రెండో ఓడ కొన్నారు. నౌకాదళ శాఖ ఆ ఖర్చు ఇవ్వనంటే దాన్ని అమ్ముకోవాల్సి వచ్చింది.

1841లో పార్లమెంటు సభ్యుడయ్యారు. 1843లో న్యూజిలాండ్ గవర్నరుగా వెళ్లారు. అక్కడ భూముల విషయంలో వలసవచ్చిన తెల్లవారికీ మావోరీలకూ ఘర్షణ జరిగి ప్రాణాలు పోయాయి. విచారించి, తప్పు తెల్లవారిదేనని తేల్చారు. సొంతవాళ్లే పగబట్టారు. ఖజానాలో డబ్బు లేదు, లండన్ నుంచి మద్దతు లేదు. రెండేళ్లకే వెనక్కి పిలిపించారు. 1850లో ఆరోగ్యం సహకరించక ఓడల మీద కొలువు వదులుకున్నారు. 1852లో భార్య మేరీ కన్నుమూశారు. 47 ఏళ్ల వయసులో, పిల్లలతో, కరిగిపోతున్న ఆస్తితో, చేతిలో పనిలేని అధికారిగా మిగిలారు. చాలామంది జీవిత కథ అక్కడితో ఆగిపోయేది.

ముగ్గురు గుమాస్తాల ఆఫీసు

సముద్ర వాతావరణం మీద అప్పట్లో అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ మౌరీ గొప్ప పని చేస్తున్నారు. ప్రమాదంలో కాలు దెబ్బతిని ఓడెక్కలేకపోయిన మౌరీ, గోదాములో మూలుగుతున్న పాత ఓడల దినచర్య పుస్తకాలు తిరగేసి, ఏ నెలలో ఏ సముద్రంలో గాలి ఎటు వీస్తుందో, నీళ్లు ఎటు పారతాయో పటాలు గీశారు. ఆ పటాలు చూసి నడిపిన ఓడలు రోజులకు రోజులు ముందుగా గమ్యం చేరాయి. ఆయన చొరవతోనే 1853లో బ్రసెల్స్‌లో సముద్ర దేశాల సమావేశం జరిగింది. అన్ని ఓడలూ ఒకే పద్ధతిలో వాతావరణ వివరాలు రాయాలని అక్కడ అనుకున్నారు.

ఆ పనిలో బ్రిటన్ వాటా కోసం 1854లో వాణిజ్య బోర్డు కింద చిన్న విభాగం పెట్టారు. రాయల్ సొసైటీ సిఫారసుతో ఫిట్జ్‌రాయ్‌ని అధిపతిని చేశారు. హోదా పేరు వాతావరణ గణాంకాధికారి. కింద ముగ్గురు సిబ్బంది. ఓడల నుంచి లెక్కలు తెప్పించి పట్టికలు వేయడం వరకే ఆయనకు అప్పగించిన పని. నేటి బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్‌కు మూలం ఆ చిన్న ఆఫీసే.

ఫిట్జ్‌రాయ్ పట్టికలతో సరిపెట్టుకోలేదు. బెస్తవాళ్ల రేవుల్లో భారమితులు పెట్టించడం మొదలుపెట్టారు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా పాదరసం పెరిగితే ఏమిటి, తగ్గితే ఏమిటి అన్న సూచనలు తేలిక మాటల్లో రాయించారు. కొనుక్కోలేని ఊళ్లకు ఆ పరికరాలు అరువుగా ఇప్పించారు. వేటకు వెళ్లేముందు రేవులో ఆగి దాన్ని చూసి వెళ్లడం అక్కడి జాలర్లకు అలవాటైంది.

రాయల్ చార్టర్ మునిగిన రాత్రి

1859 అక్టోబరులో ఆస్ట్రేలియా మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్‌కు రాయల్ చార్టర్ అనే ఆవిరి ఓడ వస్తోంది. బంగారు గనుల్లో ఏళ్ల తరబడి కష్టపడి, సంపాదన నడుముకు కట్టుకుని, పెళ్లాంపిల్లలతో ఇంటికి తిరిగొస్తున్నవాళ్లు అందులో ఎక్కువ. మన గల్ఫ్ ప్రయాణాల్లాంటిదే అది. ఇల్లు ఇంకా ఒక్క పూట దూరంలో ఉందనగా, అక్టోబరు 25 రాత్రి వేల్స్ తీరంలో పెనుతుపాను పట్టుకుంది. తెల్లవారుజామున ఆంగ్లసీ దీవి రాళ్ల మీద ఓడ ముక్కలైంది. సుమారు 450 మంది చనిపోయారు. ఒడ్డు కళ్లెదుటే ఉంది. అయినా ఒక్క ఆడమనిషి గానీ, పసిబిడ్డ గానీ బతకలేదు. ఆ తుపానులో బ్రిటన్ తీరాల వెంబడి 133 ఓడలు మునిగాయి, దాదాపు 800 ప్రాణాలు పోయాయి.

ఫిట్జ్‌రాయ్ ఆ తుపాను లెక్కలన్నీ తెప్పించి గంట గంటకూ పటాలు గీశారు. తుపాను ఒక్కసారిగా ఊడిపడలేదు. ఒక తీరం నుంచి మరో తీరానికి నడిచి వచ్చింది. మొదట దెబ్బతిన్న ఊరు నుంచి తంతి కొట్టి ఉంటే, తర్వాతి ఊళ్లకు గంటల ముందే తెలిసేది. గాలి కంటే తంతి వేగంగా నడుస్తుంది. ఆయన వాదనంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈ మాట ఇప్పుడు చిన్నపిల్లలకూ తెలిసినట్టు అనిపిస్తుంది. అప్పటికి దాన్ని పనిలో పెట్టిన ప్రభుత్వాలు చాలా అరుదు.

బుట్ట ఎగిరింది

తీరం వెంబడి 15 కేంద్రాలు ఏర్పాటయ్యాయి. రోజూ ఉదయం గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, గాలి దిశ, ఆకాశం తీరు తంతి ద్వారా లండన్ చేరేవి. ఫిట్జ్‌రాయ్ వాటిని పక్కపక్కన పెట్టి చూసి, ఎక్కడ గాలి ముదురుతుందో నిర్ణయించేవారు. ప్రమాదం అనిపిస్తే ఆ రేవులకు తిరిగి తంతి వెళ్లేది. అక్కడ స్తంభానికి గుడ్డతో చేసిన శంకువు ఆకారపు బుట్ట ఎగురవేసేవారు. మొన పైకి ఉంటే ఉత్తరం వైపు నుంచి గాలి, కిందికి ఉంటే దక్షిణం నుంచి. డోలు ఆకారపు బుట్ట కనిపిస్తే ఒకదాని వెంట ఒకటిగా పలు దిక్కుల నుంచి గాలులు. రెండూ కలిసి ఎగిరితే మహా ప్రమాదం. రాత్రిపూట బుట్టల బదులు అదే ఆకారంలో దీపాలు కట్టేవారు. చదువుతో పనిలేదు, ఎంత దూరంలోని నావికుడికైనా కనబడుతుంది.

మొదటి హెచ్చరిక 1861 ఫిబ్రవరి 6న వెళ్లింది. కొత్త కావడంతో చాలామంది లెక్కచేయలేదు. రెండు మూడు రోజుల్లోనే ఈశాన్య తీరాన్ని తుపాను ఊడ్చేసింది. విట్బీ రేవులో మునుగుతున్న ఓడలను కాపాడటానికి పదేపదే వెళ్లిన రక్షక పడవ చివరికి బోల్తాపడి, 13 మందిలో 12 మంది చనిపోయారు. ఆ తర్వాత బుట్ట కనబడితే పడవ కట్టేసేవాళ్లు పెరిగారు.

అదే ఏడాది ఆగస్టు 1న లండన్ టైమ్స్ పత్రికలో ఆయన తయారుచేసిన వాతావరణ సూచన అచ్చయింది. పత్రికలో ప్రజలందరి కోసం వచ్చిన మొదటి సూచన అదే. జోస్యం అన్న అర్థం వచ్చే మాటలు ఆయనకు నచ్చలేదు. అందుకే ఫోర్‌కాస్ట్ అన్న మాటను వాతావరణానికి వాడుకలోకి తెచ్చారు. లెక్కలు చూసి వేసిన అంచనా అని దాని భావం. ఇవాళ ప్రపంచమంతా వాడే మాట అది.

తప్పినప్పుడు నవ్వారు

అంచనా అన్నాక కొన్నిసార్లు తప్పుతుంది. ఫిట్జ్‌రాయ్ చేతిలో ఉపగ్రహం లేదు, రాడార్ లేదు, కంప్యూటర్ లేదు. పడమటి నుంచి వచ్చే గాలులకు ముందు ఉన్నదంతా అట్లాంటిక్ సముద్రం. అక్కడి నుంచి కబురు చెప్పే మనిషి లేడు. చాలా సూచనలు నిజమయ్యేవి, కొన్ని తప్పేవి. నిజమైన రోజు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. తప్పిన రోజున పత్రికలు ఎగతాళి చేశాయి. ఆయన సూచన అచ్చువేసే పత్రికే దాని బాధ్యత తమది కాదని చెప్పుకుంది.

శాస్త్రవేత్తల అభ్యంతరం వేరు. గాలి నడకకు సిద్ధాంతం ఇంకా కుదరలేదు, అనుభవం మీద ఊహించి చెప్పడం శాస్త్రం కాదన్నారు. పార్లమెంటులో కొందరు తంతి ఖర్చు ఎందుకన్నారు. చేపల పడవల యజమానుల బాధ మరొకటి. బుట్ట ఎగిరితే జాలర్లు వేటకు వెళ్లమని మొండికేసేవారు. ఆ రోజు గాలి రాకపోతే యజమానికి నష్టం. గాలి వచ్చి ఉంటే పోయేది జాలరి ప్రాణం. ఈ లెక్కలో ఎవరి పక్షాన నిలవాలో ఫిట్జ్‌రాయ్‌కి ఎప్పుడూ అనుమానం రాలేదు. తప్పు హెచ్చరికకు ఒక రోజు కూలి పోతుంది, ఇవ్వని హెచ్చరికకు మనిషే పోతాడన్నది ఆయన పట్టు.

లోపల మాత్రం నలిగిపోయారు. పెద్ద కూతురు 1856లోనే చనిపోయింది. డార్విన్ పరిణామ సిద్ధాంతం వెలువడ్డాక, మతనిష్ఠ గల ఆయనకు ఆ పుస్తకానికి తన ఓడే దారి చూపిందన్న బాధ పట్టుకుంది. 1863లో వైస్ అడ్మిరల్ హోదా వచ్చినా చేతిలో డబ్బు లేదు. ఆస్తిలో చాలాభాగం ప్రభుత్వ పనులకే ఖర్చయిపోయింది. వినికిడి తగ్గింది, నిద్ర పట్టేది కాదు. అయినా ఆఫీసుకు వెళ్లడం మానలేదు. 1865 ఏప్రిల్ 30, ఆదివారం ఉదయం, లండన్ శివారు అప్పర్ నార్వుడ్‌లోని ఇంట్లో తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి 59 ఏళ్లు. కుటుంబం అప్పుల్లో ఉందని తెలిసి మిత్రులు చందాలు పోగుచేశారు. అభిప్రాయాల్లో ఎంతో దూరమైన డార్విన్ 100 పౌండ్లు పంపారు.

ఆపేసి, మళ్లీ మొదలుపెట్టారు

ఆయన పోయాక ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. సూచనలకు శాస్త్రీయ ఆధారం చాలదని ఆ సంఘం తేల్చింది. పత్రికల్లో సూచనలు ఆగిపోయాయి. 1866 డిసెంబరులో రేవుల్లో తుపాను బుట్టలూ దిగిపోయాయి. అప్పుడు గానీ వాటి విలువ తెలియలేదు. రేవుల నుంచి, నావికుల నుంచి, ఒకప్పుడు అనుమానించిన ఊళ్ల నుంచి కూడా అర్జీలు వెళ్లాయి. సుమారు ఏడాదికే హెచ్చరికలు తిరిగి మొదలయ్యాయి. పత్రికల్లో రోజువారీ సూచన తిరిగి రావడానికి మాత్రం 1879 దాకా పట్టింది.

ఆయన చివరి రోజుల్లోనే మన తీరం తుడిచిపెట్టుకుపోయింది. 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరు 1 రాత్రి మచిలీపట్నం. బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారని చెబుతారు. అంతకుముందు 1789లోనూ, 1839లోనూ కోరంగి రేవు అలాగే మునిగింది. కలకత్తాలో ఉండి ఆ కోరంగి తుపానులను పరిశీలించిన మాజీ ఓడ కెప్టెన్ హెన్రీ పిడింగ్టనే 1848లో సైక్లోన్ అన్న మాటను ప్రపంచానికి ఇచ్చారు. పేరు మన తీరానికి ముందే దొరికింది, హెచ్చరిక దొరకలేదు.

1864 దెబ్బ తర్వాత, 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. క్రమంగా మిగతా రేవులకూ హెచ్చరికలు వచ్చాయి. 1898లో దేశమంతటికీ ఒకే తరహా నంబర్లు ఖాయమయ్యాయి. మనం వార్తల్లో వినే నంబర్లు అవే. 1, 2 అంటే తుపాను దూరంగా సముద్రంలో ఉందని. 3, 4 అంటే రేవుకే గాలి తాకిడి ఉండొచ్చని. 5, 6, 7 ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందో బట్టి నంబరు మారుతుంది. 8, 9, 10 మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. పగలు స్తంభానికి కట్టేవి శంకువులు, స్థూపాలు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. ఫిట్జ్‌రాయ్ బుట్టలను చూసినవాళ్లు వీటిని పోల్చుకోగలరు. కట్టేది జెండా కాకపోయినా ఎగురవేశారు అన్న మాట మన వార్తల్లో ఇప్పటికీ నిలిచింది.

హెచ్చరిక ఉంటే సరిపోదు, అది మనిషిని చేరాలి, మనిషి నమ్మాలి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన దాదాపు పదివేల మందిని తీసుకుపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్నే చెల్లాచెదురు చేసింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వందలోపే. ఉపగ్రహాలు, రాడార్లు, షెల్టర్లు, ముందుగా ఖాళీ చేయించడం, అన్నీ కలిసి సాధించిన తేడా అది. సముద్రం సంగతి చెప్పే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ ఇప్పుడు తీరానికి దూరంగా మన హైదరాబాద్‌లోనే ఉంది. అలల ఎత్తు, సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళతాయి.

గల్ఫ్ తీరానికీ ఈ బాధ తెలుసు. 1925లో ముత్యాల వేటకు వెళ్లిన పడవలు ఒక్క రాత్రి గాలికి పెద్ద సంఖ్యలో మునిగిపోతే, ఆ ఏడాదిని ఇక్కడివాళ్లు మునక సంవత్సరంగా గుర్తుంచుకున్నారు. 2018 నవంబరు వానలకు కువైత్ విమానాశ్రయం మూతపడిన సంగతి మనలో చాలామంది కళ్లారా చూసిందే. దుమ్ము తుపాను వస్తోందని ఫోన్‌కు హెచ్చరిక వస్తే కిటికీలు మూసుకుంటాం. రాకపోతే నవ్వుకుంటాం.

బ్రిటన్ రేడియోలో ఓడల కోసం చదివే వాతావరణ బులెటిన్‌లో ఫినిస్టెర్ అనే సముద్ర భాగానికి 2002లో ఫిట్జ్‌రాయ్ అని పేరు మార్చారు. అప్పటి నుంచి ఆయన పేరు రోజూ సముద్రం మీద వినబడుతోంది. సల్వాలో ఉన్న మనం ఆయన్ను తలచుకోవడానికి ఇంకా దగ్గర దారి ఉంది. ఈసారి తుపాను కబురు రాగానే ఇంటికి ఫోన్ చేసినప్పుడు, పోయినసారి రాలేదు కదా అని అమ్మ అంటే, కోప్పడకుండా ఆ రెండు లెక్కలూ చెప్పాలి. షెల్టరుకు వెళ్లి వస్తే ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. పొద్దున్నే మళ్లీ ఫోన్ చేస్తే ఆమె గొంతు వినబడుతుంది.